ట్యాంకు మూత ఊడదీయాలా, వద్దా?

ప్రశ్న: మాది 2016 మోడల్ స్విఫ్ట్, సిల్వర్ కలర్. పోయిన నెల బండి లోపలికి తిప్పుతుంటే ఎడమవైపు ముందు డోరు, దాని ముందున్న ఫెండరు (ముందు చక్రం మీది రేకు) గేటు కమ్మీకి రాసుకుపోయాయి. పెయింటరు చూసి, "పెట్రోల్ ట్యాంకు మూత ఊడదీసి ఇవ్వండి, దాన్ని బట్టి రంగు కలిపిస్తాను" అన్నాడు. కంపెనీ కలర్ కోడ్ ఉంటే చాలు, ఏదీ ఊడదీయక్కర్లేదని మా తమ్ముడు అంటాడు. మూత లేకుండా బండి తిప్పితే ప్రమాదమని మా మామగారు ఒప్పుకోవడం లేదు. రెండేళ్ల కిందట వెనక బంపర్‌కి రంగు వేయిస్తే షేడు తేడా వచ్చింది, ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. మళ్లీ అలాగే అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. మూత తీయాలా? తీస్తే మేమే తీసుకోవచ్చా?
– తెనాలి నుంచి ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీ పెయింటరు అడిగింది తప్పేమీ కాదు. ఆటోనగర్‌లో పెయింటు మిక్సింగ్ కౌంటర్ వెనక నేను పదిహేడేళ్లు నిలబడ్డాను. రోజూ నలుగురైదుగురు కవర్లో ట్యాంకు మూత పెట్టుకుని వచ్చేవారు. కానీ మూత ఇచ్చేసి ఇంటికి వెళ్లిపోతే సరిపోదు. మీ బంపర్ విషయంలో జరిగింది మళ్లీ జరగకూడదంటే మూత ఒక్కటే మిమ్మల్ని కాపాడదు.

చీరకి మ్యాచింగ్ జాకెట్ గుడ్డ కొనడానికి వెళ్తే మీరేం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. చీర పేరు, షాపు పేరు చెప్పి గుడ్డ తెచ్చుకోరు కదా. చీరే పట్టుకెళ్తారు. షాపువాడు ట్యూబ్‌లైట్ కింద రెండు తానులు పరిచి "సరిగ్గా సరిపోయిందమ్మా" అన్నా, చీరా గుడ్డా తీసుకుని గుమ్మం బయటికి వచ్చి వెలుగులో చూస్తారు. లోపల ఒకటే అనిపించిన రెండు రంగులు బయటికి రాగానే వేరు వేరుగా కనిపించడం మీకు కొత్త కాదు. కారు రంగు కూడా అచ్చంగా ఇంతే. మీ తమ్ముడు చెప్పిన కలర్ కోడ్ చీర పేరు లాంటిది. ట్యాంకు మూత చీర కొంగు లాంటిది. గుమ్మం బయటికి వచ్చి చూసే పని మాత్రం చాలా షెడ్డుల్లో ఎవరూ చేయరు.

ముందు కోడ్ సంగతి చూద్దాం. అది అక్కర్లేదని నేననను, మొదలుపెట్టాల్సింది అక్కడే. కంపెనీని బట్టి డ్రైవర్ డోరు తీస్తే కనిపించే స్తంభం మీదో, బానెట్ ఎత్తితే కనిపించే ప్లేటు మీదో ఉంటుంది. సుజుకీ బళ్లలో సిల్కీ సిల్వర్ అయితే జెడ్-2-ఎస్ అని ఉంటుంది. ఆ కోడ్ కొడితే మిక్సింగ్ మిషన్ ఏ టింట్ (కలపడానికి వాడే మూల రంగు) ఎన్ని గ్రాములు పోయాలో చెబుతుంది. చిక్కేమిటంటే, ఒకే కోడ్‌తో ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి బళ్లు తయారవుతాయి, లాటు లాటుకీ రంగు కాస్త మారుతుంది. అందుకే పెయింటు కంపెనీలే ఒక్కో కోడ్ కింద అసలు ఫార్ములాతో పాటు వేరియంట్లు కూడా ఇస్తాయి. ఒకటి కొద్దిగా నీలం తిరిగి ఉంటుంది, ఒకటి పసుపుపచ్చ తిరిగి ఉంటుంది, ఒకదానిలో మెరుపు రవ్వ ముతకగా ఉంటుంది. దానికి తోడు మీ బండి ఇన్నేళ్లు ఎండలో నిలబడింది. కోడ్ చెప్పేది ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఉన్న రంగు. మీకు కావలసింది ఇవాళ్టి రంగు. అందుకే కోడ్ ఒక్కటీ చాలదు, శాంపిల్ కావాలి.

మరి ఆ శాంపిల్ ట్యాంకు మూతే ఎందుకు? చిన్నది, తేలిగ్గా వస్తుంది, అది లేకపోయినా బండి నడుస్తుంది. చాలా బళ్లలో రేకుదే ఉంటుంది. బండి అంతటితో పాటు ఎండకి ఎండింది, వానకి తడిసింది. అంతవరకూ బాగానే ఉంది. కానీ నేను చూసిన షేడు గొడవల్లో చాలావరకు ఆ మూత దగ్గరే మొదలయ్యాయి.

ఒకటి చెబుతాను. ఒక టాక్సీ డ్రైవరు సిల్వర్ బండి మూత తెచ్చాడు. బండి షెడ్డులో ఉంది, నేను చూడలేదు. గంటన్నర కూర్చుని, ఒక్కో చుక్క టింట్ పోసుకుంటూ కలిపాను. కార్డు మీద కొట్టి మూత పక్కన పెడితే ఏది ఏదో తెలియలేదు. మర్నాడు సాయంత్రం అతను డోరు చూసి తిట్టుకుంటూ వచ్చాడు. వెళ్లి చూస్తే నిజమే, పక్క డోరు తెల్లగా మెరుస్తుంటే కొత్తగా వేసింది నీలం తిరిగి ఉంది. ఆ మూత మళ్లీ చేతిలోకి తీసుకుని తిరగేశాను. లోపలివైపు మడత అంచులో ఎర్ర రంగు ఉంది. ఎప్పుడో అసలు మూత పోతే, పాత సామాన్ల కొట్లో ఏదో ఎర్ర కారుది కొని సిల్వర్ వేయించి బిగించారు. నేను ఆ బండి రంగు కాకుండా, ఆ మూతకి ఎవరో వేసిన రంగుని కలిపాను. మూతని ముందే తిరగేసి చూడకపోవడం నా తప్పు. ఆ డోరు మొత్తం మళ్లీ రుద్ది వేయాల్సి వచ్చింది.

అందుకని మీ మూత తీశాక మీరు చేయాల్సిన మొదటి పని అది. తిరగేసి, వెనకవైపు గుడ్డతో తుడిచి చూడండి. లోపల కూడా సిల్వరే ఉండాలి. లోపలి రంగుకి ఎండ తగలదు కాబట్టి, బయటి రంగు ఎంత మారిందో కూడా అక్కడే అర్థమవుతుంది.

రెండో పని పాలిష్. మూత చుట్టూ పెట్రోలు చుక్కలు పడతాయి, ఆవిరి పడుతుంది, పైన సన్నని పసుపు పొర కడుతుంది. చూస్తే కనిపించదు. షాంపూతో కడిగి ఆరబెట్టాక, మూతకి మధ్యలో టేపు ఒకటి నిలువుగా అతికించండి. ఒకవైపు మాత్రమే రబ్బింగ్ కాంపౌండ్ (రంగు పైనున్న మురికి పొరని సన్నగా అరగదీసే పేస్టు) వేసి మెత్తటి గుడ్డతో రెండు నిమిషాలు రుద్దండి. టేపు తీయండి. గీత గీసినట్టు రెండు రంగులు కనిపిస్తాయి, రుద్దిన సగం చల్లగా, తేటగా ఉంటుంది. రుద్దని మూతని చూసి రంగు కలిపితే ఆ మురికిని కలిపినట్టే. డోరు వేశాక పెయింటరు ఎలాగూ బండి అంతా పాలిష్ చేస్తాడు, అప్పుడు పాత రంగు తేటపడి కొత్త రంగు మురిగ్గా మిగిలిపోతుంది. నేను చూసిన తేడాల్లో సగం ఇలా వచ్చినవే.

మూడోది, మీ బండి ఎలా పార్క్ చేస్తారు? ఏళ్ల తరబడి ఒకే చోట, ఒకే వైపు పడమటి ఎండకి పెట్టే బళ్లుంటాయి. వాటి ఎడమ, కుడి వైపులు ఒకేలా ఉండవు. అదృష్టం కొద్దీ స్విఫ్ట్‌కి ట్యాంకు మూత ఎడమవైపే ఉంటుంది, మీ దెబ్బ కూడా ఎడమవైపే. అయినా మూత వెనక చక్రం పైన ఉంది, దెబ్బ ముందు డోరుకి. రెండిటి మధ్యా వెనక డోరు ఉంది. కొత్తగా వేసిన ముందు డోరు ఆనుకుని ఉండేది ఆ వెనక డోరునే. అందరూ పక్కపక్కన పెట్టి చూసేది ఆ రెండు డోర్లనే. కాబట్టి మూతతో కలిపిన రంగుని చివరికి వెనక డోరు పక్కన పెట్టి చూడాల్సిందే. మూత కౌంటర్ దాకా తీసుకెళ్లడానికి వీలుగా ఉండే నమూనా, అంతవరకే.

ఇప్పుడు మామగారి భయం. ఆయన మాటలో నిజం ఉంది, అయితే అది వేరే మూత గురించి. మీ బండికి రెండు మూతలు. బయట కనిపించే రంగు వేసిన రేకు ఒకటి, దాని లోపల గొట్టానికి తిప్పి బిగించే నల్ల మూత ఇంకొకటి. రెండోదాన్ని తీసి బండి తిప్పకూడదు, ఆవిరి బయటికి వస్తుంది, నీళ్లు లోపలికి వెళ్తాయి. మనం తీసేది మొదటిదాన్ని. లోపలి మూత టకటకమని శబ్దం వచ్చేదాకా బిగించి ఉంటే బయటి రేకు లేకుండా ఒకటి రెండు రోజులు బండి నడపడానికి ఇబ్బంది లేదు. కాకపోతే రాత్రిళ్లు రోడ్డు మీద వదలకండి, ఎవరైనా తిప్పి తీయగలరు. ఆ గుంటలోకి పైపు పెట్టి నీళ్లు కొట్టకండి. గుంట అడుగున వాన నీరు పోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని గుడ్డతోనో టేపుతోనో మూసేయకండి.

మీరే తీసుకోవచ్చా అన్నారు. తీయవచ్చు, కానీ ముందు టార్చి వేసి కీలు దగ్గర చూడండి. స్క్రూలు లేదా చిన్న బోల్టులు కనిపిస్తే ఇంట్లో స్క్రూడ్రైవర్, స్పానర్‌తో అయిపోయే పని. ప్లాస్టిక్ పిన్నులు, క్లిప్పులు అయితే కాస్త జాగ్రత్త, ఇన్నేళ్ల ఎండకి అవి అప్పడంలా విరుగుతాయి. రివెట్ కొట్టి ఉన్నా, బాడీకి వెల్డింగ్ చేసి ఉన్నా అసలు ముట్టుకోకండి. బలవంతాన లాగితే మూత వంగుతుంది. వంగిన మూత మళ్లీ సమంగా కూర్చోదు, గీతకి ఇంకో గీత తోడవుతుంది.

స్క్రూలే అయితే ఇలా చేయండి. ఆరుబయట, పొద్దున చల్లటి వేళ చూసుకోండి. దగ్గర్లో పొయ్యి, అగరబత్తి, సిగరెట్ ఏదీ ఉండకూడదు, బండి ఆపి ఉండాలి. ట్యాంకు నింపించుకుని వచ్చిన వెంటనే వద్దు. డ్రైవర్ సీటు పక్కన కింద ఉండే లీవర్ లాగి బయటి మూత తెరవండి, లోపలి మూత జోలికి పోకండి. విప్పే ముందు కీలు దగ్గర ఫోన్‌తో రెండు ఫోటోలు తీసుకోండి. మూతని తన్ని బయటికి నెట్టే స్ప్రింగ్ రేకు ఒకటి ఉంటుంది, అది ఎటు తిరిగి ఉందో తర్వాత గుర్తుండదు. స్క్రూ విప్పేటప్పుడు రెండో చేత్తో మూతని పట్టుకోండి, లేకపోతే ఊగి క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం పైనున్న బాడీ రేకు) మీద కొత్త గీత పడుతుంది. చుట్టూ అంచుకి టేపు వేసుకుంటే ఇంకా మంచిది. స్క్రూలు జేబులో వేసుకోకుండా వాటి రంధ్రాల్లోనే నాలుగు చుట్లు బిగించి పెట్టేయండి. మూతని పాత మెత్తటి గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి, స్పానర్లతో పాటు ఒకే సంచిలో వేయకండి.

బంపర్ మీదుండే చిన్న చతురస్రపు మూత, అద్దం వెనక ఉండే చిప్ప కూడా తేలిగ్గా వస్తాయి కదా అని కొందరు అవి తెస్తారు. మీ పనికి అవి వద్దు, ప్లాస్టిక్‌వి. మీ బంపర్ తేడాకి జవాబు కూడా ఇక్కడే ఉంది. ఫ్యాక్టరీలో రేకు బాడీకి రంగు వేసి సుమారు 140 డిగ్రీల వేడిలో ఆరబెడతారు. ప్లాస్టిక్ అంత వేడి తట్టుకోదు కాబట్టి బంపర్లకి విడిగా, వేరే పెయింటుతో వేసి 80 డిగ్రీల దగ్గర ఆరబెడతారు. అందుకే షోరూమ్‌లో కొత్త బండికి కూడా, ముఖ్యంగా సిల్వర్‌లో, బంపర్ పక్క రేకు కంటే ఒక పిసరు వేరుగా ఉంటుంది, దగ్గరికెళ్లి చూడండి. మీ పాత పెయింటరు పనిలో లోపం ఉండి ఉండవచ్చు, కానీ తప్పంతా అతని మీద వేయలేం. రేకు డోరుకి ప్లాస్టిక్ ముక్కని చూసి రంగు కలిపితే మాత్రం ఆ తేడాని చేతులారా డోరు మీదకి తెచ్చుకున్నట్టే.

ఇక అసలు విషయం, సిల్వర్. తెలుపు, ఎరుపు లాంటి సాదా రంగుల్లో రంగు కలిస్తే పని అయిపోయినట్టే. సిల్వర్‌లో అలా కాదు. దానిలో సన్నటి అల్యూమినియం రవ్వ ఉంటుంది. ఆ రవ్వ చేప పొలుసుల్లా పడుకుని ఉంటే ఎదురుగా చూసినప్పుడు తళుక్కుమంటుంది, అడ్డదిడ్డంగా పడితే నల్లబడుతుంది. అది ఎలా పడుతుందన్నది డబ్బాలో ఉన్న రంగు ఒక్కటే నిర్ణయించదు, రంగు కొట్టే స్ప్రే గన్ను పట్టుకున్న చెయ్యి కూడా నిర్ణయిస్తుంది. తడి ఎక్కువగా కొడితే రవ్వ లోపలికి మునిగి ఎదురుగా నల్లగా కనిపిస్తుంది. దూరం నుంచి పొడిగా కొడితే తెల్లబడుతుంది. గాలి ఒత్తిడి మారినా, థిన్నర్ మారినా షేడు మారుతుంది. ఒకే డబ్బా ఇద్దరు పెయింటర్లకి ఇస్తే రెండు సిల్వర్లు వస్తాయి, నేను కళ్లారా చూశాను.

అందుకే మీరు పట్టుబట్టి అడగాల్సింది టెస్ట్ కార్డు. మిక్సింగ్ కౌంటర్‌లో మేము కొట్టిచ్చే కార్డు కాదు. మీ డోరు వేయబోయే పెయింటరే, అదే గన్నుతో, అదే గాలి ఒత్తిడితో ఒక చిన్న రేకు ముక్క మీద కొట్టాలి. దాని మీద క్లియర్ కోటు (రంగు లేని మెరుపు పైపూత) కూడా వేయాలి. క్లియర్ లేని సిల్వర్ సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంటుంది, దాన్ని చూసి "కాస్త తెల్లగా ఉంది, నలుపు పోయండి" అన్నామంటే పని చెడుతుంది. పూర్తిగా ఆరాక ఆ ముక్కని మీ బండి వెనక డోరు మీద ఆనించి పట్టుకోండి, ఫెండరు అవతలి భాగం మీద కూడా పెట్టి చూడండి. షెడ్డు లోపల కాకుండా బండిని బయటికి తీయించండి. పొద్దున తొమ్మిది, పది గంటల వేళ బాగుంటుంది, సాయంత్రపు ఎర్రటి ఎండ కంటిని మోసం చేస్తుంది. ఒకసారి సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా ఎదురుగా నిలబడి చూడండి. తర్వాత బండి పక్కకి జరిగి, ఏటవాలుగా చూడండి. ఆపైన చెట్టు నీడలో చూడండి. ఈ మూడింట్లోనూ కలిస్తే కలిసినట్టే. ఎదురుగా కలిసి పక్క నుంచి నల్లగా కనిపిస్తే ఇంకా కలవలేదు, మిక్సింగ్ కౌంటర్‌కి తిరిగి వెళ్లాల్సిందే. మంచి పెయింటరు దీనికి విసుక్కోడు. డోరు రెండుసార్లు వేసే బాధ అతనికీ తప్పుతుంది.

ఇప్పుడు కొన్ని మిక్సింగ్ షాపుల్లో స్కానర్ ఉంది. చేతిలో పట్టుకునే పరికరం, రెండు మూడు కోణాల నుంచి, కొన్ని రకాలైతే ఐదారు కోణాల నుంచి రంగుని చదివి, దగ్గరి వేరియంట్‌ని చూపిస్తుంది. అది ఉన్న షాపు దొరికితే మూత తీసే పనే లేదు. బండినే షాపు ముందుకి తీసుకెళ్లి, వెనక డోరు పాలిష్ చేయించి దాని మీదే చదివించండి. మూత కంటే అది వంద రెట్లు నయం. స్కానర్ చెప్పిన ఫార్ములాతో కలిపినా టెస్ట్ కార్డు మాత్రం మానొద్దు, పెయింటరు చెయ్యి స్కానర్‌కి తెలియదు.

ఇంత చేసినా సిల్వర్‌లో నూటికి నూరు కలవదు, కలవకపోయినా కనిపించకుండా చేసే పద్ధతి ఉంది. దాన్ని బ్లెండింగ్ అంటారు. దెబ్బ తగిలిన ముందు డోరుకి పూర్తిగా రంగు వేసి, వెనక డోరు ముందు సగంలోకి పొగలా పలచబరుస్తూ వదిలేస్తారు. తర్వాత క్లియర్ కోటు మాత్రం వెనక డోరు మొత్తానికి వేస్తారు. అప్పుడు కొత్త రంగు ఎక్కడ ఆగిందో, పాతది ఎక్కడ మొదలైందో గీత దొరకదు. బ్లెండింగ్ లేకపోతే రెండు డోర్ల మధ్య సందే గీత గీసినట్టు తేడాని చూపిస్తుంది. ఒక డోరు అదనంగా వేయాలి కాబట్టి కూలీ పెరుగుతుంది. మీ బడ్జెట్‌లో ఏదైనా తగ్గించుకోవాల్సి వస్తే వేరే దేన్నైనా తగ్గించుకోండి, సిల్వర్ బండికి ఇది తగ్గించుకోకండి. పని మొదలుపెట్టే ముందే, "వెనక డోరులోకి బ్లెండింగ్ చేస్తున్నారా" అని అడిగి, ధర అందులో కలిపి మాట్లాడుకోండి.

మూత గురించి అడిగారు కానీ, నిజంగా తప్పనిసరిగా ఊడదీయించాల్సినవి వేరే ఉన్నాయి. డోరు హ్యాండిల్, సైడు అద్దం, గాజు కింద ఉండే నల్ల రబ్బరు బీడింగు. వీటిని తీయకుండా చుట్టూ టేపు వేసి కొట్టేస్తే, ఆ అంచులో రంగు మందంగా ఆగి కొన్నాళ్లకి పొరలా లేస్తుంది. డోరు మొత్తం విప్పి బల్ల మీద పడుకోబెట్టి వేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. పడుకోబెట్టిన డోరు మీద రవ్వ ఒకలా కూర్చుంటుంది, నిలబెట్టిన డోరు మీద ఇంకోలా కూర్చుంటుంది. సిల్వర్‌కి డోరు బండికే ఉండగా వేయడం మేలు.

రంగు కలిపాక షాపులో ఫార్ములా చీటీ అడిగి తీసుకోండి. ఏ టింట్ ఎన్ని గ్రాములు పోశారో, చివర్లో చేత్తో ఏం కలిపారో అందులో రాయించుకోండి. మిగిలిన రంగుని చిన్న గాజు సీసాలో నిండా పోసి, బిగుతుగా మూసి, మీద తేదీ రాసి నీడలో పెట్టండి, పిల్లలకి అందకుండా. రేపు ఎవరి స్కూటరో రాసుకున్నా మళ్లీ మొదటి నుంచి వెతుక్కోనక్కర్లేదు.

మూత తిరిగి బిగించేటప్పుడు ఫోటో చూసుకుని స్ప్రింగ్ రేకు పెట్టండి. స్క్రూలు ముందు వదులుగా ఎక్కించి, మూత మూసి, నాలుగు వైపులా సందు సమానంగా ఉందో చూసి అప్పుడు బిగించండి. లీవర్ రెండు మూడు సార్లు లాగి చూడండి, ప్రతిసారీ టక్కుమని తెరుచుకోవాలి.

టెస్ట్ కార్డు చూశాక కూడా మీకు అనుమానంగా ఉంటే డోరు వేయించకుండా ఆపి నాకు రాయండి. కార్డు ఎదురుగా చూస్తే తేడా ఉందా, పక్క నుంచి చూస్తే ఉందా, నల్లగా ఉందా తెల్లగా ఉందా, నీలం తిరిగిందా పసుపుపచ్చ తిరిగిందా, ఇంత రాస్తే చాలు. గన్నులో ఏం మార్చాలో, డబ్బాలో ఏం మార్చాలో చెబుతాను.